తినమని మా పెద్దమ్మ పెట్టిన పోరు

మా పెద్దమ్మ పోయిన వార్త ఇంట్లో అందరికంటే ఆఖరున తెలిసింది నాకే. దానికి కారణం కూడా ఆమే. కుడతిని పవర్ ప్లాంటులో నైట్ షిఫ్టు ముగించుకుని పొద్దున ఇంటికి వచ్చాను. స్నానం చేసి, ఇడ్లీ తిని, ఫోను తీసి వంటింట్లో ఒక స్టీలు డబ్బాలో వేసి, మూత పెట్టి పడుకున్నాను. ఆ డబ్బా ఆమె ఇచ్చిందే. పగలు పడుకునేవాడి తల పక్కన ఫోనుంటే అది నిద్ర కాదు, కునుకు అని ఆమె పెట్టిన నియమం. డబ్బాలో అది ఎంతసేపు మోగిందో నాకు తెలియదు. చివరికి ఆస్పత్రి నుంచి నా భార్య ఆటోలో వచ్చి, తలుపు బాది, "ఫోనెత్తవేంది? పెద్దమ్మ పోయింది" అని గడప మీదే కూలబడింది.

అప్పటికి మధ్యాహ్నం దాటింది. మీరే చెప్పండి, నేను ఎవరిని తిట్టాలి? నన్ను ఎత్తుకుని పెంచిన మనిషి అక్కడ పోతుంటే ఇక్కడ నేను గురకపెట్టి నిద్రపోయాను. ఎన్నాళ్లకో పట్టిన మంచి నిద్ర. ఈ సంగతి ఆమెకు తెలిసి ఉంటే బాధపడేది కాదు, సంతోషపడేది. దానికే నాకు ఒళ్లు మండేది. "ఏడ్చేది ఉంటే లేచినాంక ఏడువప్పా, ముందు పండుకో" అనే రకం మనిషి.

ఆమె మా అమ్మకు అక్క. పెళ్లి చేసుకోలేదు. బళ్లారిలో మిషన్ వాళ్ల ఆడపిల్లల బడిలో పీటీ టీచరుగా చేసి రిటైరైంది. సత్యనారాయణపేటలో మా ఇంటి గోడకు ఆనుకున్న రెండు గదుల్లో ఉండేది. రెండిళ్లకూ మధ్య ఒక తలుపు. గడియ మా వైపే ఉంది గానీ దాన్ని వేసే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేదు. బడి వదిలినా విజిల్ వదల్లేదామె. మెడలో నల్లతాడుకు వేలాడుతూ ఉండేది. పక్కన సిలువ గొలుసు, దాని పక్కన విజిల్. చూసినవాళ్లు రెండోది ఏంటని అడగడానికి జంకేవాళ్లు.

ఆమెతో పడటం ఎంత కష్టమో చెప్పకుండా ఆమె మంచితనం చెబితే అది అబద్ధమే అవుతుంది. పొద్దున్నే జుట్టు విరబోసుకుని వాకిట్లో ఎండకు కూర్చునేది. వీధిలో పోయేవాళ్లు ఎవరైనా "ఏం టీచరమ్మా, ఒంట్లో బాగలేదా?" అంటే, "బాగుండాలనే కూర్చోని ఉండా" అని సమాధానం. రాత్రి అన్నం తిన్నాక ఉప్పునీళ్లతో పుక్కిలించేది. ఆ చప్పుడు నాలుగిళ్ల అవతల దాకా వినిపించేది. ఆ తర్వాత కాళ్లకు ఆముదం రాసుకుని, పాత సాక్సు వేసుకుని, మా ఇంట్లో టీవీలో కథ ఎంత మంచి జాగాలో ఉన్నా మధ్య తలుపు తెరిచి, "సాకు, ఇంక ఆపండప్పా" అనేది. సాకు అంటే మా బళ్లారి మాటలో చాలు అని. గనుల లారీల దుమ్ము ఎక్కువైన రోజుల్లో తడి చేతిరుమాలు ముక్కుకు కట్టుకుని చర్చికి వచ్చేది. పాట పాడేటప్పుడు మాత్రం తీసేది.

పెళ్లికి పిలిస్తే ఇంట్లో అన్నం తిని పోయేది. "పిల్లను చూసేకి పోతాండా, ఆకలికి కాదు" అనేది. చుట్టాలకు ఇది ఎంత అవమానమో ఊహించుకోండి. ఆదివారం మధ్యాహ్నం తలుపు బిగించి పడుకునేది. ఆ సమయంలో ఎవరొచ్చినా, ఆఖరికి బిషప్పు గారే వచ్చినా, లేచేది కాదు. చర్చిలో ఏదో కమిటీలో పేరు రాస్తామంటే అందరిముందూ లేచి నిలబడి, "ఈ నెల నాకు చేతకాదు" అనేది. చేతకాదు అన్నదానికి కారణం అడిగితే, "చేతకాదు అన్నా కదా, ఇంకా కారణం ఎందుకు?" అనేది. మన ఊళ్లల్లో ఆడమనిషి అట్లా అనొచ్చా? మా చర్చిలో ఆమెకు పొగరని పేరు.

నాకు షిఫ్టు డ్యూటీ మొదలైన కొత్తలో ఆమె నా నిద్రకు కాపలా కాయడం మొదలుపెట్టింది. నా గది కిటికీకి పాత నల్ల రగ్గు మేకులు కొట్టి బిగించింది. గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చునేది. కూరగాయల బండి వస్తే చెయ్యెత్తి ఆపేది. "ఏమప్పా, స్వల్ప మెల్లగ అరువు. వంకాయలు యాడికీ పారిపోవు" అని ఆ బండివాడితో అనడం నేను లోపలి నుంచి విన్నాను. వాడు అరిస్తే రాని మెలకువ ఆమె వాడిని అదిలిస్తే వచ్చింది. గ్యాస్ సిలిండరు వాణ్ని వెనక్కి పంపించింది. ఒకసారి అయ్యగారు, అంటే మా పాస్టరు గారు, ఇల్లు దర్శించడానికి వస్తే ఆయన్నీ గేటు దాటనివ్వలేదు. "అయ్యగారూ, వాడు నిద్దరపోతాండాడు. ప్రార్థన ఈడ్నే చేసి పోండి, దేవుడికి యాడున్నా వినపడ్తాది" అంది. ఆయన పాపం గేటు పట్టుకుని ప్రార్థన చేసి వెళ్లిపోయారు. ఆ వారం చర్చిలో ఆయన ముఖం చూడలేక నేను వెనక బెంచీలో కూర్చున్నాను.

ఇదంతా నన్ను ఎంత విసిగించేదో. నలభై దాటిన మగవాణ్ని, ఇద్దరు పిల్లల తండ్రిని, "నిద్దరపోతాండాడు" అని వీధంతా చాటింపు వేస్తుంటే ఎట్లా ఉంటుంది? నాతో పనిచేసేవాళ్లు కళ్ల కింద నల్లచారలతో, చేతిలో టీ గ్లాసుతో, ఎప్పుడూ ఎవరిమీదో ఒకరిమీద కసురుకుంటూ తిరుగుతుంటే, "నీకేంటప్పా, నీ ముఖం కళగా ఉంటుంది" అనేవాళ్లు. అప్పుడైనా నేను ఆమెకు చెప్పలేదు. చెబితే ఇంకా రెచ్చిపోతుందని.

ఒంటిని చూసుకోవాలని నాకు నేనుగా బుద్ధి పుట్టినప్పుడు మాత్రం ఆమె మాట వినలేదు. జిమ్ములో చేరాను. పొట్ట తగ్గే పొడి డబ్బా తెచ్చుకున్నాను. అడుగులు లెక్కపెట్టే వాచీ చేతికి కట్టుకుని, రాత్రి దానికి అప్పజెప్పాల్సిన అడుగులు తక్కువైతే మంచం చుట్టూ తిరిగేవాణ్ని. పెద్దమ్మ మధ్య తలుపులో నిలబడి చూసింది.

"ఎవరికి నడుస్తాండావు, నీకా, దానికా?" అంది.

"ఒంటికి మంచిది పెద్దమ్మా."

"రేపూ చేస్తావా?"

"చేస్తా."

"డ్యూటీలో రెండు షిఫ్టులు పడిన పొద్దు కూడా చేస్తావా? పిల్లోనికి జ్వరమొచ్చిన పొద్దు చేస్తావా?"

నేను వాచీ వంక చూసుకున్నాను. "రేపు కూడా చేయగలిగేదే ఈ పొద్దు చెయ్యి. అది సాకు. మిగతాదంతా ఉత్త జంభం" అంది. నాకు కోపం వచ్చి వాచీ ఇంకా బిగించుకున్నాను. తర్వాత ఏమైందో మీకు చెప్పక్కర్లేదు. నడుం పట్టేసి మంచం ఎక్కాను. వేడినీళ్ల సంచి పట్టుకుని వచ్చింది ఆమే. "చెప్తినా" అని ఒక్క మాట అంటే ఎదురు చెప్పడానికి సిద్ధంగా ఉన్నాను. ఆ మాట అనలేదు. అనకపోవడం కూడా నాకు కోపమే తెప్పించింది. నడుం సర్దుకున్నాక అన్నం తినగానే వీధి చివరిదాకా పోయి వచ్చే అలవాటు ఒకటి చేయించింది. అది ఇప్పటికీ పోలేదు. షిఫ్టు ఏదైనా, వాన ఉన్నా లేకున్నా, కాళ్లు వాటంతటవే చెప్పులు వెతుక్కుంటాయి. ఇంత చిన్న పనికి గొప్ప ఏముందని ఎవరికీ చెప్పలేదు. కానీ నన్ను నిలబెట్టింది అదేనని ఇప్పుడు చెబుతున్నాను. ఆమె వినడానికి లేదు కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను.

అయితే ఆమె అసలు పోరు నాతో కాదు, మా అమ్మతో.

మా అమ్మ ఆమెకు పూర్తిగా తిరగేసిన మనిషి. అందరూ తిన్నాక, వంటింట్లో నిలబడి, గిన్నెల అడుగున ఉన్నది ఊడ్చుకుని తినేది. వచ్చినవాళ్లకు పెట్టకుండా ముద్ద నోట్లో పెట్టుకున్న రోజు నాకు గుర్తు లేదు. ఒంట్లో నొప్పి ఉంటే నవ్వేది. దానికి తోడు ఉపవాసాలు. మా సంఘంలో ఆడవాళ్లకు ఉపవాస ప్రార్థన అంటే ప్రాణం. ఎవరింట్లో కష్టమొచ్చినా పస్తుండి ప్రార్థిస్తారు. మా అమ్మ నా జ్వరాలకు పస్తు ఉంది, పరీక్షలకు పస్తు ఉంది, ఉద్యోగానికి పస్తు ఉంది. "నీకు పవర్ ప్లాంటులో పని నా ఉపవాసంతోనే వచ్చింది" అంటే ఎవడు ఎదురు చెప్పగలడు? నేను పరీక్ష రాశానమ్మా అంటే, "రాయించింది ఎవరు?" అంటుంది.

అమ్మకు సుగర్ వచ్చింది. వచ్చినాక కూడా ఉపవాసాలు ఆగలేదు. దానికి మా చర్చి ఆడవాళ్లందరూ కలిసి కనిపెట్టిన ఒక సూత్రం ఉంది. తిండి తింటే ఉపవాసం పోతుంది. మాత్ర తిండి కాదు, మందు. కాబట్టి మాత్ర వేసుకోవచ్చు, తిండి మానేయవచ్చు. వినడానికి ఎంత సుబ్బరంగా ఉందో చూడండి! దేవుడికీ కోపం రాదు, డాక్టరుకీ కోపం రాదు. మధ్యలో మనిషి పోతుంది, అంతే. సుగర్ తగ్గించే మాత్ర కడుపులో అన్నం ఉందో లేదో చూసి పనిచేయదు కదా. పెద్దమ్మ ఈ మాట చెప్పని వారం లేదు. ఆడవాళ్ల కూడికకు రాగి అంబలి గిన్నె మోసుకుపోయి, "ప్రార్థన చెయ్యండి, ఎవరొద్దంటాండారు? తాగి చెయ్యండి" అనేది. ఆ గిన్నె నిండుగానే తిరిగి వచ్చేది.

ఒక శుభ శుక్రవారం జరిగింది చెబుతాను. బళ్లారి ఎండ సంగతి మీకు తెలుసు. సిలువ మీద పలికిన ఏడు మాటల మీద ఏడుగురు ప్రసంగీకులు, మిట్టమధ్యాహ్నం మొదలైన ఆరాధన. ప్రతివాడికీ తన మాటే ముఖ్యం, గడియారం మీద చూపు లేదు. ఫ్యాన్లు వేడిగాలి పంచుతున్నాయి. అమ్మ తెల్లచీర కట్టుకుని ముందు బెంచీలో కూర్చుంది. పొద్దున భక్తిగా మాత్ర వేసుకుంది. భక్తిగా ఏమీ తినలేదు. నాలుగో మాట నడుస్తుండగా అమ్మ వణకడం మొదలుపెట్టింది. ముఖమంతా చెమట, పెదాలు ఏదో గొణుగుతున్నాయి. పక్కన కూర్చున్న ఆడవాళ్లు ఏమనుకున్నారో తెలుసా? ఆత్మ వశురాలై ప్రార్థిస్తోంది అనుకున్నారు. ఒకామె "స్తోత్రం" అని కళ్లు మూసుకుంది. నేను మగవాళ్ల వైపు నుంచి చూసి, అమ్మ ఏడుస్తోందనుకున్నాను.

గుడి కప్పు ఎగిరిపోయేటట్టు విజిల్ మోగింది.

ప్రసంగీకుడి మాట గొంతులోనే ఆగిపోయింది. పెద్దమ్మ బెంచీలు దాటుకుంటూ వచ్చి, "జరగండి, గాలి రానీయండి" అని అరుస్తూ, సంచిలోంచి చక్కెర పొట్లం తీసి, నీళ్లల్లో కలిపి, కొంచెం కొంచెంగా అమ్మచేత మింగించింది. కాసేపటికి అమ్మ కళ్లు తెరిచింది. తెరిచి అన్న మొదటి మాట ఏంటి? "అక్కా, నా ఉపవాసం చెడగొడితివి కదా."

తర్వాత సంఘ పెద్దలు పెద్దమ్మను పిలిపించారు. "పరిశుద్ధ దినాన దేవుని మందిరంలో విజిల్ ఊదితివి టీచరమ్మా" అన్నారు. "మరేం చేయమంటారు? దేవదూత వచ్చి కడబూర ఊదేదాకా కూర్చోమంటారా?" అంది. వాళ్లు నవ్వాలో కోప్పడాలో తెలియక పంపేశారు. డాక్టరు అమ్మకు మళ్లీ మొదటి నుంచి చెప్పాడు. మాత్ర, తిండి జంటగా ఉండాలి. ఉపవాసం ఉండాలనుకుంటే ముందే తనను అడగాలి, మందు తను చూసి చెబుతాడు. అమ్మ బుద్ధిగా తల ఊపింది. మా అమ్మ తల ఊపడానికి అర్థం ఏమీ లేదని డాక్టరుకు తెలియదు. అక్కాచెల్లెళ్లిద్దరూ కొన్నాళ్లు మాట్లాడుకోలేదు. మధ్య తలుపులోంచి గిన్నెలు మాత్రం అటూ ఇటూ తిరిగాయి.

ఇంత చేసిన మనిషికి ఏ జబ్బు రావాలి? లివర్లో గడ్డ. కళ్లు పచ్చబడితే కామెర్లనుకున్నాం. తెలిసేసరికి ఆలస్యమైంది. ఆస్పత్రిలో చేర్చిన కొన్ని రోజులకే ఆమె నోటికి నీళ్లు తప్ప ఏదీ పోలేదు. మా స్త్రీల సమాజం వాళ్లు వెంటనే గొలుసు ఉపవాసం మొదలుపెట్టారు. రోజుకొకరు చొప్పున పస్తుండి, టీచరమ్మ కోసం ప్రార్థించడం. ఆమె జీవితమంతా ఏ పనికి వ్యతిరేకంగా అరిచిందో ఆ పనే ఆమె కోసం చేస్తున్నారు. వాళ్ల ప్రేమ నిజమే, అందులో నాకు అనుమానం లేదు. కానీ ఏం మనుషులండీ! నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, గోడకు తల బాదుకోవాలనిపించింది.

అమ్మ తన వంతు రోజు పస్తు ఉంది. ఆ తర్వాత ఎవరికీ చెప్పకుండా మిగతావాళ్ల వంతు కూడా పస్తుంటూ వచ్చింది. నేను డ్యూటీల్లో, నా భార్య పిల్లలతో. ఎవరం కనిపెట్టలేదు. కనిపెట్టింది మంచం మీద ఉన్న మనిషే. అమ్మ గ్లాసులో నీళ్లు పోస్తుంటే చెయ్యి వణకడం చూసింది. నేను అప్పుడు అక్కడే ఉన్నాను.

"ఏమే, తిన్నావా?"

"తిన్నా అక్కా."

"ఏం తిన్నావు?"

"అన్నం."

"ఏం కూర?"

మా అమ్మకు రెండో అబద్ధం చేతకాదు. నేల చూసింది. పెద్దమ్మ మోచేతుల మీద లేవబోయింది, లేవలేకపోయింది. గొంతు మాత్రం ఇంకా గ్రౌండులో ఉన్నట్టే లేచింది. "నువ్వు పస్తుంటే నా గడ్డ కరుగుతాదని ఏ డాక్టరు చెప్పినాడే నీకు? నేను ఈడ పండుకోని ఉండేది సాలక నువ్వు కూడా పక్క మంచం ఎక్కుతావా?"

నర్సు తొంగి చూసింది. అమ్మ మామూలుగా అయితే నవ్వి ఊరుకునేది. ఆ రోజు నవ్వలేదు. "ఇంకేం చేసేది అక్కా నేను?" అని గట్టిగా ఏడ్చింది. "నాకేం చదువొచ్చా, మందొచ్చా? నాకు చేతనయ్యేది ఇదొక్కటే. నువ్విట్ల ఉంటే నాకు ముద్ద దిగుతాదా?"

పెద్దమ్మ తల తిప్పి అమ్మ వైపే చూసింది. అమ్మ ఉపవాసం ఎందుకుంటుందో ఇన్నేళ్లలో మేమెవరం అడగలేదు. ఆమెకు తన దగ్గరున్నదేదో ఇవ్వాలి, ఇవ్వడానికి తన ముద్ద తప్ప ఏమీ కనిపించదు. ఈ సంగతి ఆ రోజే నాకు తెలిసింది, బహుశా పెద్దమ్మకు కూడా.

"సరే, నాకోసరం ఏమన్నా చేయల్ల, అంతే కదా?" అంది చివరికి, గొంతు తగ్గించి. "అట్లయితే ఈడ కూర్చో. నా ముందర తిను. నాకు లోపలికి పోతా లేదు. నువ్వు తింటాంటే చూస్తా. నాకు అది చెయ్యి."

అమ్మ నా వైపు చూసింది. నేను కిందికి పరిగెత్తి ఏదో చిత్రాన్నం పొట్లం తెచ్చాను. ఆ మంచం పక్కన స్టూలు మీద కూర్చుని, అక్క చూస్తుండగా, మా అమ్మ తిన్నది. ఆ రోజు నుంచి రోజూ అదే. ఇంటి నుంచి క్యారియర్ పోయేది. జొన్న రొట్టె, పుంటికూర పప్పు, చెనిక్కాయల పొడి. పెద్దమ్మ కొన్ని రోజులు కళ్లు కూడా తెరిచేది కాదు, క్యారియర్ మూత చప్పుడైతే తెరిచేది. "ఉప్పు సరిపోయిందా?" "పప్పు ఇంగొంచెం యేసుకో." "జల్దీ జల్దీ మింగద్దు, నములు." తినలేని మనిషి తినే మనిషికి పాఠం చెబుతుంటే చూడటం నా వల్ల కాక నేను వరండాలోకి పోయేవాణ్ని. ఆమె పోయిన పొద్దున క్యారియర్ అక్కడికి చేరేలోపే కన్నుమూసింది.

సమాధుల తోటలో మట్టి వేసి చేతులు కడుక్కోకముందే మొదలైంది. "అంత ఒంటిని చూసుకునె పాపం, ఏం లాభం?" ఒకరు అని ఊరుకుంటే సరే. వచ్చినవాళ్లంతా అదే. గేటు దగ్గర అదే, కుర్చీలు వేసిన షామియానా కింద అదే. కొందరి గొంతులో జాలి కంటే నెమ్మది ఎక్కువగా వినిపించింది నాకు. ఇంక మనం ఏమీ మార్చుకోనక్కర్లేదు అన్న నెమ్మది. నడిచినామె పోయింది కదా, మనం కూర్చోవచ్చు. నాకు ఒక్కొక్కరి భుజం పట్టుకుని ఊపాలనిపించింది. ఆమె చావకుండా ఉండటానికి నడవలేదయ్యా! ఉన్నన్నాళ్లు తన కాళ్ల మీద తను ఉండటానికి నడిచింది. ఉండింది కూడా. కానీ శవం లేచిన ఇంట్లో పోట్లాడటం ఎట్లా? పళ్లు బిగబట్టుకున్నాను.

నాకు వేరే భయం పట్టుకుంది. అమ్మ తినడం మానేసింది. ఈసారి ఉపవాసం కూడా కాదు, ప్రార్థన కూడా లేదు. పక్కింటివాళ్లు అన్నం గిన్నె తెచ్చిస్తే మూత తీసి చూసి మళ్లీ పెట్టేది. టీలో బిస్కెట్టు ముంచి సగం తినేది. మాత్ర మాత్రం మర్చిపోయేది కాదు! నేను మాత్రల షీటు తీసి జేబులో పెట్టుకుంటే, "ఇయ్యప్పా, మాత్ర మానద్దని డాక్టరు చెప్పినాడు" అని చెయ్యి చాచింది. బతిమాలాను. అరిచాను. పిల్లలచేత పెట్టించాను. డాక్టరుకు ఫోను చేస్తే తినకుండా మాత్ర వేయొద్దు, తీసుకురండి అన్నాడు. అమ్మ రానంది. అయ్యగారిని పిలుచుకొచ్చాను. ఆయన, "దుఃఖంలో ఉన్నారు, కొన్నాళ్లు పోనీ బాబూ" అన్నారు. కొన్నాళ్లు పోతే మనిషి మిగలాలి కదా అయ్యగారూ అనబోయి దిగమింగుకున్నాను. చివరికి నేను ఆమె ముందు నేల మీద కూర్చుని, "అమ్మా, నన్ను చూసి అన్నా తిను" అన్నాను.

"నేను తింటాంటే చూసేది పోయింది కదప్పా" అంది అమ్మ. "ఇంక ఎవరి ముందర తినేది?"



పెద్దమ్మ పేరున ఆదరణ కూడిక అయింది. పెద్దమ్మ క్రమశిక్షణ గురించి అందరూ లేచి సాక్ష్యాలు చెప్పారు. ఆమె పుక్కిలింతకు నవ్వినవాళ్లు, అంబలి గిన్నె నిండుగా తిప్పి పంపినవాళ్లు, అందరూ. ఆ తర్వాత పలావు తిన్నారు. వడ్డించింది అమ్మ. తిననిది అమ్మ.

ఆ మర్నాడు మధ్యాహ్నం కప్పగల్లు నుంచి మా అత్త వచ్చింది. మా నాన్నకు అక్క. మోకాళ్ల నొప్పులతో కూడికకు రాలేకపోయింది. మా ఇంటి ముందు రెండు మెట్లు ఎక్కించడానికి నేనూ ఆటోవాడూ ఆమెను చెరొక రెక్క పట్టుకోవాల్సి వచ్చింది. కుర్చీలో కూలబడి, ఆయాసం తీర్చుకుని, కళ్లు ఒత్తుకుంది. నేను సెకండ్ షిఫ్టుకు పోవాలని నేల మీద కూర్చుని అన్నం తింటున్నాను. అమ్మ చేతిలో గరిటెతో వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. నేను దాచిన షీటు వెతికి ఆ పూట కూడా మాత్ర వేసుకుందని నాకు తెలుసు. ఆమె నుదుటి మీద చెమట పడుతోందా అని ముద్దముద్దకూ తలెత్తి చూస్తున్నాను.

అత్త మొదలుపెట్టింది. "ఎండలో కూర్చునె, నడిచె, గంజి తాగె. టైముకు కూడు, టైముకు నిద్దర. ఏం లాభం వచ్చె మీ అక్కకు? నేనేం చూసుకుంటి? ఏమీ ల్యా. బాగనే ఉండా కదా."

నేను నోరు తెరవబోయాను. నాకంటే ముందు అమ్మ తెరిచింది.

"ఏం లాభమా వదినా?" అంది. అమ్మ గొంతు అట్లా ఉండటం నేను ఎప్పుడూ వినలేదు. "నేను కనపడ్తా లేనా నీ కండ్లకు? ఆపొద్దు చర్చిలో నేను పోవాల్సిందాన్ని. అందరూ స్తోత్రం అంటా కూర్చోనుంటే లేచి వచ్చింది ఎవరు? తనకోసరం ఒక్కదానికేనా ఆమె చూసుకునింది? తినండి, పండుకోండి, ఒంటిని చంపుకోవద్దండి అని అరిచి అరిచి పాయె మా అక్క. మీరు నవ్వితిరి. నేనూ నవ్వితి. లాభం అడగేకి వచ్చినావా మా ఇంటికి?"

అత్త కుర్చీలో వెనక్కి జరిగింది. "అది కాదమ్మా, నేనేదో మాటకు అంటే..." అని నసిగింది.

అమ్మ లోపలికి పోయింది. ఏడవడానికి పోయిందనుకున్నాను. పళ్లెం తీసుకుని వచ్చింది. వచ్చి నా పక్కన నేల మీద కూర్చుంది. అన్నం పెట్టుకుని, పప్పు పోసుకుని, కలిపింది. కప్పగల్లు నుంచి వచ్చిన ఆడబిడ్డ, అందులోనూ పెద్దది, ఎదురుగా ఖాళీ కడుపుతో కూర్చుని ఉంది. ఆమెకు పెట్టకుండా, ఆమె చూస్తుండగా, మా అమ్మ ముద్ద ఎత్తింది.

"నీకు పెట్టమంటావా వదినా, ఉండు. నేను తింటాండా" అంది.

మొదటి ముద్ద దిగలేదు. నీళ్లు తాగింది. రెండో ముద్ద నమిలింది, మింగింది. కళ్లనుంచి నీళ్లు కారుతూనే ఉన్నాయి. కుడిచెయ్యి ఎంగిలి, ఎడమచెయ్యి పళ్లెం మీద. తుడుచుకోవడం లేదు. ముక్కు ఎగబీలుస్తూ, మధ్యమధ్య వెక్కుతూ, ఒక్కో ముద్దా బాగా నమిలి తింటోంది. నేను నా పళ్లెం సంగతి మర్చిపోయాను.  పళ్లెం ఖాళీ అయ్యాక అమ్మ దాన్ని నా వైపు జరిపింది.

"ఇంగొంచెం పప్పు వెయ్యప్పా" అంది.